మంచు వలయంలో మైనింగ్: ఆటలో కష్టం ఎక్కడ పెట్టాలి

అందరికీ నమస్కారం. స్పేస్ గేములు తయారుచేసేవాళ్ళు, ఆడేవాళ్ళు, ఫిజిక్స్ చదువుకుంటున్నవాళ్ళు ఇంతమంది ఒకే గదిలో కూర్చోవడం చాలా సంతోషంగా ఉంది. ఇవాళ నేను మాట్లాడేది ఒకే ఒక్క ఫీచర్ గురించి. మన గేములో శనిగ్రహం ఉంది, చుట్టూ మంచు వలయాలున్నాయి. అక్కడ ప్లేయరు మైనింగ్ చేయాలి. దాన్ని ఎలా కట్టాలి?

చాలాచోట్ల ఇది ఒక పూటలో అయిపోయే పని అనుకుంటారు. ఆస్టరాయిడ్ మైనింగ్ ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. రాళ్ళకు తెల్లరంగు వేస్తారు, ఇనుము బదులు ఐస్ అని పేరు మారుస్తారు. లేజర్ అదే, సౌండూ అదే. నాకు ఇది నచ్చదు. వలయానికి తనదైన కష్టం ఉంది. రాయిని వెతకడం, పగలగొట్టడం అక్కడ పెద్ద పనులే కావు. రాయి పక్కన కదలకుండా ఉండటం పెద్ద పని. దాన్ని నీళ్ళు చేయడం ఇంకా పెద్ద పని. ఆ నీళ్ళను శని దగ్గర్నుంచి బయటికి మోసుకెళ్ళడం అన్నిటికన్నా పెద్ద పని. ఆటను ఈ మూడింటి మీద కట్టాలని నా వాదన. ఎందుకో లెక్కలతో సహా చెప్తాను.

ముందు ఆ చోటు ఎలాంటిదో చూద్దాం. శని వలయాల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం కసీని నౌక పంపిందే. 2004లో శని దగ్గరికి చేరింది, 2017 సెప్టెంబర్ 15న శని వాతావరణంలోకి దూకి కాలిపోయింది. చివరి నెలల్లో వలయాలకూ గ్రహానికీ మధ్య ఉన్న సందులోంచి 22 సార్లు తిరిగింది. అప్పుడు దొరికిన కొలతల నుంచే వలయాల మొత్తం బరువు తేలింది. సుమారు 15 మిలియన్ బిలియన్ టన్నులు. అంటే 15 పక్కన 15 సున్నాలు పెట్టుకోండి. శని చందమామల్లో ఒకటైన మైమాస్ బరువులో ఇది దాదాపు 40 శాతం.

అందులో 90 శాతానికి పైగా నీటి మంచే. ముక్కల సైజు ఎక్కువగా సెంటీమీటరు నుంచి 10 మీటర్ల దాకా ఉంటుంది. ఇన్ని వేల కిలోమీటర్ల వెడల్పున్న ఈ వలయాల మందం చాలాచోట్ల పదుల మీటర్లే. శని ప్రధాన వలయాలను బయటి నుంచి లోపలికి ఎ, బి, సి అంటారు. ఎ వలయంలో ఒక్క చదరపు మీటరు తీసుకుని పైనుంచి కింది దాకా ఉన్న సరుకంతా తూకం వేస్తే 300 నుంచి 400 కిలోలు వస్తుంది. ఒక చదరపు కిలోమీటరులో 3, 4 లక్షల టన్నులు! బి వలయం ఇంకా చిక్కన.

ఈ అంకెలు చూశాక డిజైనర్‌కి వెంటనే ఒకటి తట్టాలి. ఇక్కడ కొరత లేదు. స్కానర్ పెట్టి, బీప్ బీప్ అని మంచి రాయి ఎక్కడుందో వెతికించడంలో అర్థం లేదు. ఎటు చెయ్యి చాపినా మంచే. సి వలయంలో, ఎ, బి వలయాల మధ్య ఉన్న కసీని డివిజన్‌లో మంచుకు మలినం కొంచెం ఎక్కువ కలుస్తుంది, తేడా అంతే.

ఈ ఇబ్బందిని ఇతరులు ఎలా దాటారో కూడా చూడాలి. ఎలైట్ డేంజరస్‌లో 2014లో ఆట విడుదలైనప్పటి నుంచే వలయాల్లో మైనింగ్ ఉంది. 2018 డిసెంబర్ అప్‌డేట్‌లో దాన్ని పూర్తిగా మార్చారు. ఒక తరంగం పంపితే లోపల సరుకున్న రాళ్ళు మెరుస్తాయి. వాటి పగుళ్ళలో పేలుడు మందు పెట్టాలి, ఏ పగులుకి ఎంత బలం కావాలో చూసుకోవాలి, లెక్క తప్పితే సరుకు పోతుంది. కుదిరితే రాయి నిలువునా విచ్చుకుంటుంది. మంచు వలయాల్లో దొరికే వాయిడ్ ఓపల్స్ కోసం జనం ఎగబడ్డారు. ఆ పని చేసినవాళ్ళంటే నాకు గౌరవం. రాయి పగలడాన్ని ఒక నైపుణ్యంగా మార్చారు, చేతికి పని ఇచ్చారు. అయితే ఆ రత్నాలు కల్పితం. మంచులో కొరత లేదు కాబట్టి కొరతను బయటి నుంచి తెచ్చి పెట్టారు. నేను అడిగేది ఇంకో దారి. రత్నం అవసరం లేకుండా, మంచునే పెట్టుకుని ఆటను నిలబెట్టగలమా?

నిలబెట్టగలం. కదలికతో మొదలుపెడదాం.

బి వలయం బయటి అంచు శని కేంద్రం నుంచి దాదాపు 1,17,500 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడ ప్రతి ముక్కా సెకనుకు 18 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. శని చుట్టూ ఒక చుట్టు రావడానికి పదకొండున్నర గంటలు. 18 కిలోమీటర్లు అనగానే చాలామంది ఆర్టిస్టులు రాళ్ళు బుల్లెట్ల లాగా దూసుకుపోతున్నట్టు గీస్తారు. కానీ మన ఓడ కూడా అదే కక్ష్యలో ఉంది కదా. పక్క ట్రాకులో అదే వేగంతో వెళ్తున్న రైలు కిటికీలోంచి చూస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే, ఎదురుగా ఉన్నది దాదాపు ఆగినట్టే కనబడుతుంది. పక్కపక్కన ఉన్న ముక్కలు ఒకదానికొకటి తగిలేది సెకనుకు మిల్లీమీటర్ల వేగంతో.

ఈ దాదాపు అన్నదాంట్లోనే ఆటంతా ఉంది. లోపలి ముక్క కొంచెం వేగంగా పోతుంది, బయటిది కొంచెం వెనకబడుతుంది. వలయం గట్టి పళ్ళెంలా ఒకే ముక్కగా ఉంటే నిలవదని, విడివిడి ముక్కలుగానే ఉండాలని భౌతికశాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1859లో గణితంతో చెప్పాడు. 1895లో ఖగోళశాస్త్రవేత్త కీలర్ వర్ణపటం తీసి, లోపలి భాగం నిజంగానే వేగంగా తిరుగుతోందని చూపించాడు. ఆ తేడా ఎంతో చూద్దాం. మీకన్నా 1 కిలోమీటరు లోపల ఉన్న ముద్ద మీ ముందు నుంచి సెకనుకు 23 సెంటీమీటర్ల చొప్పున జారిపోతుంది. గంటలో 800 మీటర్లు. 100 మీటర్ల దూరంలో ఉన్నదైతే పది నిమిషాల్లో 14 మీటర్లు పక్కకు పోతుంది. ప్లేయరు ఒక ముద్ద మీద కన్నేసి, ముందు ట్యాంకు సర్దుకుందాం అని పది నిమిషాలు ఆగితే అది అక్కడ ఉండదు. దీనికి టైమర్లు అక్కర్లేదు, శత్రువులూ అక్కర్లేదు. సమీకరణాన్ని ఉన్నదున్నట్టు కోడులో పెడితే చాలు.

ఇంకో తమాషా ఉంది. వలయానికి పైన 1 కిలోమీటరు ఎత్తులో ఓడను ఆపి, కిందికి చూస్తూ నిలబడాలనుకుందాం. కుదరదు. ఇంజిను ఆపితే ఓడ మెల్లగా దిగుతుంది. మూడు గంటలు తిరక్కుండానే వలయంలోంచి అవతలికి దాటుతుంది, దాటేటప్పుడు వేగం సెకనుకు 15 సెంటీమీటర్లు. పది నిమిషాల్లో అయితే దిగేది 4 మీటర్లే, ఎవరూ గమనించరు. కాబట్టి ఇది ఆడుతున్నవాణ్ణి ఏమీ చేయదు. ఓడను వలయం పైన వదిలేసి పడుకున్నవాణ్ణి పట్టుకుంటుంది. పొద్దున్నే వచ్చి చూస్తే ఓడ వలయాన్ని రెండు మూడుసార్లు దాటి ఉంటుంది, ఒంటి నిండా సొట్టలు. ఓడ వదిలి వెళ్ళేముందు ఎక్కడ కట్టాలి, ఎలా కట్టాలి అన్న ఆలోచన దీనితో తనంతట తనే పుడుతుంది.

ఇప్పుడు దగ్గరికి వెళ్ళి ఒక్క ముద్దను పట్టుకుందాం. అడ్డకొలత 1 మీటరు. గట్టి మంచు అనుకుంటే బరువు 480 కిలోలు. నిజానికి ఇవి బోలుగా, పైన మంచు పొడి పట్టి ఉంటాయి, కాబట్టి కొంత తక్కువ వేసుకోవచ్చు. ప్లేయరు ఓడను దానికి ఎదురుగా తెచ్చాడు, సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో. బ్రేకు వేయాలి. బ్రేకంటే ముందు వైపున్న చిన్న ఇంజిను, థ్రస్టర్. దాని పొగ ఎక్కడికి పోతుంది? సూటిగా ముద్ద మీదికే. 100 న్యూటన్ల తోపు ఒక్క సెకను పూర్తిగా దాని మీద పడితే ముద్ద సెకనుకు 20 సెంటీమీటర్ల వేగంతో అవతలికి పోతుంది. పోతూ పోతూ పక్క ముద్దకు తగులుతుంది, అది ఇంకోదానికి. మీరు ఆగారు, సరుకు పోయింది. అందుకని థ్రస్టర్లను ఏటవాలుగా పక్కలకు తిప్పిన ఓడ కొనాలి, లేదా దూరంలోనే వేగం తగ్గించుకుని చివరి 20 మీటర్లు ఇంజిను ముట్టకుండా తేలుతూ వెళ్ళాలి. వల విసరొచ్చు, చెయ్యి చాపొచ్చు. ఈ చివరి 20 మీటర్లే నా దృష్టిలో మొత్తం ఫీచర్‌లోకెల్లా బంగారం లాంటి చోటు. ఇక్కడ కంట్రోల్స్ మీద ఎంత టైము పెట్టినా వృథా కాదు. కంట్రోలర్ వైబ్రేషన్, ముద్ద తగిలినప్పుడు ఓడ ఒంట్లోంచి వచ్చే చిన్న మోత, వల బిగుసుకునేటప్పుడు ముద్ద మీది మంచు పొడి రాలడం, ఇవన్నీ ఇక్కడే పెట్టండి.

ప్రోగ్రామర్ల కోసం ఒక మాట. శని కేంద్రాన్ని మూలబిందువుగా పెట్టుకుని 32-బిట్ ఫ్లోట్‌లో ముద్దల స్థానాలు రాస్తే, ఆ దూరంలో రెండు పక్కపక్క అంకెల మధ్య ఎడం 8 మీటర్లు వస్తుంది. ముద్ద 1 మీటరు, లోపం 8 మీటర్లు. అందుకే మూలబిందువును ఓడ దగ్గరికి తెచ్చుకుని, దానితోపాటే తిరిగే చట్రంలో లెక్క కట్టాలి. ఆ చట్రంలో కదలికలకు 19వ శతాబ్దంలో ఖగోళశాస్త్రవేత్త హిల్ రాసిన సమీకరణాలున్నాయి, మూడే మూడు వరుసలు. ఇందాక చెప్పిన జారిపోవడం, దిగిపోవడం అన్నీ వాటిలోంచే వస్తాయి.

సరుకు మళ్ళీ పుట్టడం అనే పాత తలనొప్పికి కూడా ఇక్కడ మందు దొరుకుతుంది. మామూలు మైనింగ్ గేముల్లో తవ్వేసిన రాయి కొంతసేపటికి దానంతట అదే ప్రత్యక్షమవుతుంది, దాన్ని మనం చూసీ చూడనట్టు వదిలేస్తాం. వలయంలో అలా కళ్ళు మూసుకోనక్కర్లేదు. మీరు 1 కిలోమీటరు వెడల్పున గుంత చేశారనుకోండి. లోపలి అంచు ముందుకీ బయటి అంచు వెనక్కీ జారడం వల్ల గంటా పావులో ఆ గుంత ఏటవాలుగా సాగిపోతుంది. తర్వాత ఇంకా సన్నబడి చుట్టుపక్కల సరుకులో కలిసిపోతుంది. కాబట్టి సర్వర్‌లో ప్లేయరు తీసిన ముద్దల జాబితా కొన్ని గంటలు దాచుకుంటే చాలు, ఆపైన చెరిపేయొచ్చు. సీడ్ అనే ఒక మూల సంఖ్య నుంచి పుట్టించిన కొత్త ముద్దలు ఆ చోట ఉండటంలో అబద్ధమేమీ లేదు.

రెండో కష్టం వేడి. ముద్ద మైనస్ 180 డిగ్రీల దగ్గర ఉంది. బయట శూన్యం. లేజర్‌తో కొడితే నీళ్ళు రావు, మంచు నేరుగా ఆవిరై ఎగిరిపోతుంది. ఎందుకంటే ఒత్తిడి 611 పాస్కల్ దాటకపోతే నీరు ద్రవంగా ఉండలేదు. కాబట్టి ముందు ముద్దను సంచిలోకి తీసుకుని మూతి బిగించాలి. లోపల ఒత్తిడి పెరిగాక కరగడం మొదలవుతుంది.

ఖర్చును మన కరెంటు బిల్లు యూనిట్లలోనే చెప్తాను. ఆ 480 కిలోల ముద్దను కరిగించడానికి దాదాపు 80 యూనిట్లు. ఇదేమంత కాదు. ఆ నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి ఇంధనం చేయాలంటే నష్టాలేవీ లేకుండానే సుమారు 2,100 యూనిట్లు. పాతిక రెట్లకు పైన! మంచు పుష్కలంగా ఉంది, కరెంటు లేదు. సూర్యుడి వెలుగు శని దగ్గర భూమి దగ్గరి దాంట్లో 90వ వంతు, చదరపు మీటరుకు 15 వాట్లు. 1,000 చదరపు మీటర్ల సోలార్ ప్యానెల్ పరిచి 30 శాతం సామర్థ్యం వేసుకున్నా గంటకు 1 కిలో నీటిని విడగొట్టగలం. ఒక్క ముద్దకు 20 రోజులు. పైగా ప్రతి చుట్టులో కొంతసేపు శని నీడలో పోతుంది. అంటే రియాక్టర్ తప్పదు. రియాక్టర్ అంటే దాని వేడిని బయటికి వదిలే రేడియేటర్లు, రేడియేటర్లంటే సన్నటి రెక్కలు, వాటిని పట్టుకుని ముద్దల మధ్యకు దూరడం. ఎంత పెద్ద రెక్కలు పెట్టుకోవాలి, వాటితో ఎంత చిక్కటి చోటికి వెళ్ళాలి? ప్లేయర్ని నిజంగా ఆలోచింపజేసే ప్రశ్న ఇది. నీటిని విడగొట్టకుండా ఉత్త ఆవిరిగా తన్నించే ఇంజిన్ కూడా ఇవ్వొచ్చు. వలయంలో అటూ ఇటూ తిరగడానికి ఆవిరి హాయిగా సరిపోతుంది. బయటికి ఎక్కడానికి మాత్రం చాలదు.

ఇక మూడోది. ఎ వలయం బయటి అంచు నుంచి శని పెద్ద చందమామ టైటాన్ దాకా సరుకు మోయాలంటే బయల్దేరేటప్పుడే సెకనుకు 5.7 కిలోమీటర్ల వేగం కలపాలి. హైడ్రోజన్–ఆక్సిజన్ ఇంజిన్‌తో, 100 టన్నులతో బయల్దేరితే 27 టన్నులు మిగులుతాయి, ట్యాంకు బరువూ ఇంజిను బరువూ అందులోనే. ఆవిరి ఇంజిన్ అయితే మిగిలేది 6 టన్నులు. పిండి కొద్దీ రొట్టె అంటాం కదా, ఇక్కడ పిండిలో ముప్పాతిక భాగం పొయ్యిలోకే పోతోంది.

ఇక్కడ తెలివైన ప్లేయరు ఒక ప్రశ్న వేస్తాడు, వేయాలి కూడా. శని ఇంకో చందమామ ఎన్‌సెలడస్ పైనంతా మంచే కదా, అక్కడి నుంచి టైటాన్ కక్ష్యకు సెకనుకు 3.7 కిలోమీటర్ల వేగం కలిపితే చాలు కదా, వలయంలోకి ఎందుకు దిగాలి? నిజమే. టైటాన్‌కి అమ్మడానికైతే వలయం దండగ. ఈ నిజాన్ని దాచిపెట్టి, టైటాన్‌లో వలయం మంచుకు ఊరికే ఎక్కువ ధర పెడితే ఆటలో ఎకానమీ మీద నమ్మకం పోతుంది. కొనేవాడు వలయం దగ్గరే ఉండాలి. మా డిజైన్‌లో శని పైపొరల్లోంచి హీలియం తోడుకుని పైకొచ్చే ఓడలున్నాయి. అవి పైకి వచ్చేసరికి ట్యాంకులు ఖాళీ. ఎన్‌సెలడస్ వాటికి దూరం, వలయం దారిలోనే ఉంది. ఆ ఓడలకు నీళ్ళమ్మేవాడే మన ప్లేయరు. మంచు ధర ఏ జాబితాలోనో రాసిపెట్టింది కాదు. ఓడ ఎంత లోతు నుంచి వచ్చింది, ఎంత ఖాళీగా వచ్చింది, ఇంకో నీళ్ళ ఓడ ఎంత దూరంలో ఉంది అన్నదాన్ని బట్టి ధర తేలుతుంది. ఇద్దరు ప్లేయర్ల మధ్య బేరం కుదిరే చోటు దొరికింది కదా, అది నాకు ఏ రత్నాల వేటకన్నా ఇష్టం.

చూడదగ్గ చోట్ల గురించి కొంచెం చెప్పి ముగిస్తాను. ఎ వలయంలో ఉన్న కీలర్ సందు వెడల్పు 42 కిలోమీటర్లు. అందులో 8 కిలోమీటర్ల బుల్లి చందమామ డాఫ్నిస్ తిరుగుతుంది. దాని లాగుడుకు సందు అంచులు అలలుగా లేస్తాయి. 2009లో సూర్యుడు వలయాల అంచుకు సమంగా వచ్చినప్పుడు ఆ అలల నీడలు కసీని ఫోటోల్లో పడ్డాయి. నీడలను బట్టి ఎత్తు లెక్కకడితే కిలోమీటరున్నర దాకా వచ్చింది. బి వలయం బయటి అంచులో రెండున్నర కిలోమీటర్ల ఎత్తు శిఖరాలున్నాయి. పదుల మీటర్ల మందం మీద రెండున్నర కిలోమీటర్లు! అక్కడ మైనింగ్‌కి అలవాటైన ప్లేయర్లు వెళ్ళాలి. ఎ వలయం లోపల వంద మీటర్ల లెక్కలో ఉండే ముద్దలు తమ చుట్టూ ప్రొపెల్లర్ ఆకారంలో ఖాళీలు చేసుకుంటాయి. కొన్నిటికి విమానాలు నడిపినవాళ్ళ పేర్లు పెట్టారు, బ్లెరియో, ఇయర్‌హార్ట్ అని. మ్యాపులో ఆ పేర్లు ఉంచండి, మనం కొత్త పేర్లు కల్పించే పని లేదు.

వెలుతురు గురించి ఆర్టిస్టులకు ఒకే విన్నపం. ఎ వలయం అంచులో నిలబడితే శని ఆకాశంలో 52 డిగ్రీలు ఆక్రమిస్తుంది. బి వలయం లోపలి అంచులో 80 దాటుతుంది. చిమ్మచీకటి నేపథ్యం మీద తెల్లరాళ్ళు గీయకండి. పగటి వైపు శని వెలుగు ప్రతి ముద్ద మీదా లేత పసుపుగా పడాలి. సూర్యుణ్ణి వెనకపెట్టుకుని చూస్తే మీ ఓడ నీడ చుట్టూ మంచు ఇంకా కాంతిగా మెరవాలి. నిజంగానే మెరుస్తుంది, కసీని ఫోటోల్లో చూడొచ్చు.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఇంత నెమ్మదిగా ఉంటే ప్లేయర్లు బోర్ కొట్టి పోరా సార్?

చేపలు పట్టే మినీగేముల మీద జనం గంటలు గంటలు గడుపుతున్నారమ్మా. నెమ్మదితనం ఒక్కటే ఉంటే బోర్ కొట్టదు, చేతికి పని లేకపోతే బోర్ కొడుతుంది. 30 సెంటీమీటర్ల వేగాన్ని 5కి తగ్గించేటప్పుడు వేళ్ళకు టెన్షన్ ఉండాలి. ఆ టెన్షన్ ఉందా లేదా అని మొదటి ప్రోటోటైప్‌లోనే చూసుకోవాలి. ఒక ఓడ, ఒక ముద్ద, ఒక వల పెట్టండి చాలు. అది పట్టుకోవడం బాగుంటేనే మిగతా వలయం కట్టండి. బాగోకపోతే లక్ష ముద్దలు పెట్టినా లాభం లేదు.

ప్రశ్న: యురేనస్ వలయాల్లో కూడా ఇదే పద్ధతి పెట్టొచ్చా?

పెట్టకూడదు. మంచి ప్రశ్న అడిగావు నాయనా, ఈ ప్రశ్నలో మన దేశానికీ వాటా ఉంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందు నుంచి దాటినప్పుడు, విమానంలోని టెలిస్కోపుతో అమెరికన్ బృందం ఆ వలయాలను కనిపెట్టింది. అదే రాత్రి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలో జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి కూడా ఆ నక్షత్రం వెలుగు ఒక్క క్షణం తగ్గడం నమోదు చేశారు. కొత్త ఉపగ్రహం అయ్యుంటుందని మొదట అనుకున్నారు. ఆ అబ్జర్వేటరీని నెలకొల్పింది ఖగోళశాస్త్రవేత్త వైను బప్పు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేయడం వల్ల ఆయన హైదరాబాద్‌లో పెరిగారు.

ఆటలోకి వస్తే, ఆ వలయాలు చాలా సన్నవి. చాలావరకు కొన్ని కిలోమీటర్ల వెడల్పే. నల్లటివి, మీద పడ్డ వెలుగులో కొద్ది శాతమే వెనక్కి పంపుతాయి. శని దగ్గర నేను వద్దన్న స్కానర్ అక్కడ కావాలి. కంటికి ఆనవు కాబట్టి, వెనక ఉన్న నక్షత్రం ఎప్పుడు మసకబారుతుందో చూసుకుంటూ వలయాన్ని పట్టుకునే పరికరం ఇవ్వాలి, కావలూరులో చేసిన పద్ధతే. దొరికాక కూడా అది శనిలో దొరికినంత తెల్లటి మంచు కాదు, శుద్ధి చేసే ఖర్చు వేరు, ఓడ వేరు. మేము దాన్ని ఎప్సిలాన్ వలయంతో మొదలుపెడదామనుకుంటున్నాం. అక్కడి సన్నటి వలయాల్లో అదే వెడల్పైనది, వెడల్పు చోటును బట్టి 20 నుంచి 96 కిలోమీటర్ల దాకా మారుతుంది. కొత్త ప్లేయరు కనీసం దాన్నైనా పట్టుకోగలడు.